‘ఒక్కసారి కలుద్దాం, ఇదే చివరిసారి’ అంటున్నాడు. వెళ్లనా?

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, సారాంశం ఇస్తున్నాను.

ఆమె వయసు 29. ఉద్యోగం చేస్తున్నారు. అమ్మ, తమ్ముడితో కలిసి ఉంటున్నారు. ఒకతనితో మూడేళ్లు ప్రేమ నడిచింది, పెళ్లి మాటలు కూడా అయ్యాయి. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, ఫోను ఎందుకు ఎత్తలేదు అనే ఆరాలు భరించలేనంతగా పెరగడంతో ఏడు నెలల క్రితం ఆమే వద్దనుకుని బయటికి వచ్చేశారు. మొదట్లో ఏడుపులు, క్షమాపణలు. బ్లాక్ చేస్తే కొత్త నంబర్లు. అవీ బ్లాక్ చేస్తే, డబ్బు పంపే యాప్‌లో నామమాత్రపు మొత్తం వేసి, పక్కన రాసుకునే ఖాళీలో ‘ఎన్నాళ్లు దాక్కుంటావ్’ అని రాయడం మొదలుపెట్టాడు. వారానికి రెండు మూడుసార్లు ఆమె ఆఫీసు వదిలే వేళకి రోడ్డు అవతల బండి మీద కూర్చుని ఉంటాడు. దగ్గరికి రాడు, మాట్లాడడు, హెల్మెట్ కూడా తీయడు. ఆమె బస్సెక్కాక వెళ్లిపోతాడు. ఒకరోజు రాత్రి ‘ఆ ఆకుపచ్చ చెప్పులు నీకు నప్పలేదు’ అని మెసేజ్ వచ్చింది. ఆ చెప్పులు ఆమె ఆ రోజే మొదటిసారి వేసుకున్నారు.

అమ్మ పుట్టినరోజుకి అతను బహుమతి పంపాడు. ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలు ‘వాడు తిండి మానేశాడే, ఒక్కసారి మాట్లాడితే నీదేం పోతుంది’ అంటోంది. తమ్ముడు ‘నాకు వదిలెయ్, నేను చూసుకుంటా’ అంటున్నాడు. అమ్మేమో ‘పోలీసులదాకా వెళ్తే నీ పేరే బయటికొస్తుంది, ఊరుకుంటే అతనే విసిగిపోతాడు’ అంటున్నారు. తాజాగా అతని నుంచి వచ్చిన మాట ఇది: ‘నీ సర్టిఫికెట్లు, మన ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి. ఒక్కసారి వచ్చి తీసుకెళ్లు. ఆ తర్వాత నీ జోలికి రాను. రాకపోతే నేనుండను.’

ఆమె అడుగుతున్నవి: వెళ్లనా? నంబర్ మార్చేయనా? పోలీసులకి చెబితే ఇంకా రెచ్చిపోతాడా? ‘ఇంతవరకు నా మీద చెయ్యెత్తలేదు. నేనే ఎక్కువ ఊహించుకుని భయపడుతున్నానా?’

సమాధానం

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు ఎక్కువేమీ ఊహించుకోవడం లేదు. ఇంకా తక్కువే అనుకుంటున్నారు. ఉత్తరం మొదట్లో ‘చెయ్యెత్తలేదు’ అని రాశారు. చాలా తర్వాత, మరేదో చెబుతూ, నిరుడు ఒక గొడవలో అతను మీ గొంతు పట్టుకున్నాడని, ‘ఒక్క క్షణమే, వెంటనే వదిలేసి ఏడ్చాడు’ అని రాశారు. పైన సారాంశంలో కావాలనే ఆ సంగతి కలపలేదు, విడిగా చెప్పాలని. గొంతు పట్టుకోవడమంటే చెయ్యెత్తడమే. మిగతా దెబ్బలతో పోలిస్తే దాని లెక్క వేరు కూడా. అమెరికాలో 2008లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, భాగస్వామి చేతిలో అంతకుముందు గొంతు నొక్కించుకున్న స్త్రీలకు తర్వాత అతని చేతిలోనే హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లు ఎక్కువ. అతను ఏడ్చాడా, ఎంతసేపు పట్టుకున్నాడు అన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. పోలీసులతో మాట్లాడినా, లాయర్‌తో మాట్లాడినా మొదటి వాక్యంగా ఇదే చెప్పండి. ఈ విషయం మీరు అమ్మకి కూడా చెప్పలేదని నా అనుమానం.

ఇది చదివి నిద్ర పాడుచేసుకోవద్దు. వెంటపడే మాజీల్లో చాలామంది హత్యలదాకా వెళ్లరు. కానీ అంతదాకా వెళ్లిన కేసుల్లో వెంటపడటం మాత్రం ముందు నుంచీ కనిపిస్తుంది. 1999లో అమెరికాలో చేసిన ఒక పరిశీలనలో, భాగస్వామి లేదా మాజీ చేతిలో చనిపోయిన స్త్రీలలో 76 శాతం మందిని అంతకుముందు ఏడాదిలో అతను వెంటాడాడని తేలింది. అందుకే నేను మిమ్మల్ని భయపడమని చెప్పను, తేలిగ్గా తీసుకోమని కూడా చెప్పను.

‘ఊరుకుంటే విసిగిపోతాడు’ అనే అమ్మ మాట సంగతి. కొందరి విషయంలో అది నిజమే. నాలుగు రోజులు గోలచేసి చల్లబడేవాళ్లు ఉంటారు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2004లో దీన్నే లెక్కతీశారు. వేధింపు రెండు వారాల్లో ఆగకపోతే సాధారణంగా అది నెలల తరబడి సాగే రకమని తేల్చారు. మీది ఏడో నెల. విసుగు రావాల్సి ఉంటే ఎప్పుడో వచ్చేది.

ఇలాంటివాళ్లు ఎందుకిలా చేస్తారో కొంత తెలిస్తే మీకు పనికొస్తుంది. పాల్ మలెన్ అనే మనోవైద్యుడు, ఆయన సహచరులు 1999లో వెంటాడేవాళ్లను ఐదు రకాలుగా విడదీశారు. అందులో మాజీ ప్రియులు, మాజీ భర్తలు ఎక్కువగా పడేది ‘తిరస్కారానికి గురైనవాళ్లు’ అనే రకంలో. వీళ్లు ఒక పూట తిరిగి కావాలంటారు, ఇంకో పూట పగ తీర్చుకుంటామంటారు. వెంటపడటమే వీళ్లకి తెగిన సంబంధానికి బదులుగా మారుతుంది. మీరు తిట్టినా, ఏడ్చినా, బతిమాలినా, అతని దృష్టిలో అది మీతో గడిపిన సమయమే. మార్చిలో ఒకరోజు 47 మిస్డ్ కాల్స్ చూసి, తట్టుకోలేక ఎత్తి, ‘నీకు దండం పెడతా, ఆపెయ్’ అన్నానని రాశారు. మీరు చెప్పాలనుకున్నది ఆపెయ్ అని. అతనికి తెలిసింది మాత్రం 47 సార్లు చేస్తే ఎత్తుతుందని.

కాబట్టి అతనికి అర్థమయ్యేలా చెప్పే పని మీ భుజాల మీంచి దించేయండి. మీ ఉత్తరంలో సగం దాని గురించే ఉంది: ఎలా చెబితే వింటాడు, ఏ మాట వాడితే నొచ్చుకోడు, ఎవరి చేత చెప్పించాలి. అతను వినకపోవడానికి కారణం మీరు సరిగ్గా చెప్పలేకపోవడం కాదు. మీరు చేయగలిగింది మీ వైపు తలుపులు మూసుకోవడం, జరిగేదంతా రాసిపెట్టుకోవడం, మీ చుట్టూ నలుగురిని నిలబెట్టుకోవడం.

ఆ ‘చివరిసారి’ విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. మీ జీవితం, నిర్ణయం మీదే. అయినా వెళ్లవద్దనే చెబుతాను. వెళ్తే ఏమవుతుందో ఒక్కొక్కటిగా చూడండి. అతను బాగా మాట్లాడితే, మళ్లీ మాట్లాడొచ్చనే ఆశ అతనికి, ‘పాపం’ అనే బరువు మీకు. గొడవ పెడితే, అతను ఎంచుకున్న చోట, అతను ఎంచుకున్న వేళ మీరు ఒంటరిగా ఉంటారు. ఒకవేళ నిజంగానే అతను దీన్ని ముగింపు అనుకుంటున్నాడంటే, ఏ రకం ముగింపు అనే ప్రశ్న ఉంది. జేన్ మాంక్టన్ స్మిత్ అనే బ్రిటిష్ నేరశాస్త్ర నిపుణురాలు 2019లో వందలాది భాగస్వామి హత్యల్ని వరసగా చూసి, అవి ఎనిమిది దశల్లో జరుగుతాయని చెప్పారు. విడిపోవడం, దాని తర్వాత వేధింపు పెరగడం, ఆపైన మనిషి ఆలోచన మారిపోవడం అందులో వరసగా వస్తాయి. ఇన్నాళ్లూ ‘తిరిగి రా’ అన్న మనిషి ‘ఇదే చివరిసారి’ అంటున్నాడంటే అది మెత్తబడటం కావచ్చు, ఆ ఆలోచన మారడమూ కావచ్చు. రెంటిలో ఏదో కనుక్కోవడానికి మీరే ఎదురు వెళ్లి చూడనక్కర్లేదు.

తోడుగా ఎవరినైనా తీసుకెళ్తే? ప్రమాదం కొంత తగ్గుతుంది. కానీ 47 కాల్స్ పాఠమే మళ్లీ నేర్పినట్టవుతుంది, ఈసారి ఇంకా పెద్ద ఎత్తున. ఇక సర్టిఫికెట్లంటారా, ఇచ్చిన సంస్థకే దరఖాస్తు పెట్టుకుంటే నకళ్లు వస్తాయి. తిరగాలి, విసుగు, ఖర్చు, నిజమే. అతని దగ్గరున్నవే కావాలంటే లాయర్ ద్వారా గానీ ఫిర్యాదులో భాగంగా గానీ అడిగించవచ్చు. మీరు చేయి చాచి తీసుకోవాల్సిన పని లేదు.

ఫొటోల విషయం మీరు ఒక్క ముక్కలో దాటేశారు. ఎలాంటి ఫొటోలో నేను అడగను. బయటపెడితే ఇబ్బంది పడే ఫొటోలైతే, ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సేవ ఒకటి 2021 నుంచి ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. దాని నుంచి వేలిముద్రలాంటి ఒక సంకేతం మాత్రం తయారై వెళ్తుంది. ఆ సేవతో కలిసి పనిచేసే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలు అదే ఫొటో ఎవరైనా పెడితే పట్టుకుంటాయి. పద్దెనిమిదేళ్లు దాటినప్పటి ఫొటోలకే ఇది వర్తిస్తుంది, ఆ ఫొటో మీ దగ్గరా ఉండాలి. లేకపోతే, ‘ఫొటోలు నా దగ్గరున్నాయి’ అన్న అతని మెసేజ్ స్క్రీన్‌షాట్ చాలా విలువైన సాక్ష్యం, భద్రంగా ఉంచండి.

‘రాకపోతే నేనుండను’ అన్న మాటని బ్లఫ్ అని కొట్టిపారేయవద్దు. మిమ్మల్ని లొంగదీసుకోవడానికి అన్నా, నిజంగా అన్నా, చేయాల్సింది ఒకటే. అతని ఇంట్లోవాళ్లలో ఒకరికి ఆ మెసేజ్‌ని అలాగే పంపండి, ‘ఇలా అంటున్నాడు, మీరు చూసుకోండి’ అని ఒక వాక్యంతో. ఇప్పుడే చేసుకుంటానంటే ఆ క్షణమే అత్యవసర నంబర్‌కి ఫోన్ చేసి అతని చిరునామా చెప్పండి. అంతే. అతనికి జవాబివ్వవద్దు, అక్కడికి వెళ్లవద్దు. చనిపోతాననే మనిషికి వైద్యసాయం కావాలి. అది మీ చేతుల్లో లేదు. ఇంకో సంగతి, చావు మాటలు మాట్లాడే మాజీ ఎదుటివాళ్లకి కూడా ముప్పు కావచ్చు కాబట్టి, ఫిర్యాదులో ఇది తప్పక రాయండి.

ఇక నంబర్. మీకు మూడు దారులున్నాయి. అన్నీ బ్లాక్ చేస్తే ఫోన్ మోగదు, ప్రాణానికి హాయి. కానీ అతని ధోరణి ఎప్పుడు ముదిరిందో మీకు తెలియదు, సాక్ష్యమూ చేతికి రాదు. నంబర్ మార్చేస్తే నాలుగు రోజులు ప్రశాంతత, ఆ తర్వాత స్నేహితురాలి ద్వారానో, ఆఫీసు ద్వారానో కొత్త నంబర్ దొరకబుచ్చుకుంటాడు. పాత దారి మూసుకుపోయింది కాబట్టి ఆఫీసు ముందు కూర్చోవడం ఎక్కువ కావచ్చు కూడా. నాకు నచ్చేది మూడోది. కొత్త నంబర్ తీసుకుని మీ అసలు జీవితమంతా దాని మీదికి మార్చుకోండి, నమ్మకస్తులకు మాత్రమే ఇవ్వండి. పాత సిమ్‌ని పాత ఫోన్‌లో వేసి, సైలెంట్‌లో పెట్టి, మీ తమ్ముడి చేతికివ్వండి. రోజుకొకసారి అతను చూస్తాడు, స్క్రీన్‌షాట్ తీస్తాడు, జవాబివ్వడు. బెదిరింపు మారితే మీకు చెబుతాడు, లేకపోతే చెప్పడు. ‘నేను చూసుకుంటా’ అంటున్న కుర్రాడికి చేతినిండా పని దొరుకుతుంది.

కానీ తమ్ముడు అనుకుంటున్న పని మాత్రం చేయనివ్వకండి. నాలుగు తగిలిస్తే ఒకటే ప్రయోజనం: మీరు ఫిర్యాదు ఇచ్చిన రోజు, అవతలివాడి చేతిలో కూడా ఒక ఫిర్యాదు ఉంటుంది. అప్పుడది ‘రెండు వైపులా గొడవ’ అయిపోతుంది. ఈ మాట తమ్ముడితో మీరే, ఇవాళే మాట్లాడండి.

మౌనం పాటించడానికి ముందు ఒక్కసారి, రాతలో, స్పష్టంగా చెప్పి ఉండటం మంచిది. మార్చిలో మీరు ఫోన్‌లో ఏడుస్తూ చెప్పారు, దానికి ఆధారం లేదు. చాలా దేశాల్లో చట్టం చూసేది, ఇష్టం లేదని తెలిశాక కూడా వెంటపడ్డాడా అనే. ఆ మెసేజ్ ఇంత చిన్నదైతే చాలు: ‘నీతో నాకు ఎలాంటి సంబంధమూ వద్దు. ఫోన్లోగానీ, మెసేజ్‌లోగానీ, మనుషుల ద్వారాగానీ, నేరుగాగానీ నన్ను కలవడానికి ప్రయత్నించవద్దు.’ అందులో సారీ ఉండకూడదు, కారణాలు ఉండకూడదు. ‘ప్రస్తుతానికి’, ‘నువ్వు మంచివాడివే కానీ’ లాంటివి అసలు వద్దు, అతను పట్టుకునేది వాటినే. అయితే గొంతు సంగతి ఉంది కాబట్టి, కింద చెప్పిన ఏర్పాట్లు అయ్యాకే, ఇంట్లో నలుగురున్న రోజున పంపండి. మీ చేతులతో పంపడానికి భయంగా ఉంటే పోలీసుల ద్వారా లేదా లాయర్ నోటీసుగా పంపించవచ్చు.

పంపిన తర్వాత కొన్నాళ్లు ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన పద్ధతి పనిచేయకపోయేసరికి మనిషి దాన్నే రెట్టింపు చేస్తాడు. ఆ వారాల్లో ‘మౌనం కూడా పనిచేయడం లేదు, ఒక్కసారి మాట్లాడి చూస్తా’ అనిపిస్తుంది. జారిపోయేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ చెప్పులు. అతనికెలా తెలిసింది? ఆఫీసు ముందు చూసి ఉండొచ్చు. కానీ ఆ రోజు అతను కనిపించలేదని రాశారు. అలాగైతే వేరే దారులు వెతకాలి. మీ షాపింగ్ యాప్ అతని ఫోన్‌లో ఇంకా లాగిన్ అయి ఉందా? మీ ఫొటోలు ఇద్దరూ కలిసి వాడిన ఖాతాలోకి వాటంతటవే వెళ్తున్నాయా? చాట్ యాప్ అతని కంప్యూటర్‌లో జతచేసి వదిలేశారా? మ్యాప్‌లో లొకేషన్ షేరింగ్ ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయారా? ఇవేవీ పెద్ద టెక్నాలజీ కాదు. ప్రేమలో ఉన్నప్పుడు పంచుకున్నవే. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ అని, అది అతనికి తెలుసని మీరే రాశారు. అందుకే మీ మెయిల్‌కి నేను జవాబు పంపలేదు.

ఆ పని ఇలా చేయండి. అతను ఎప్పుడూ ముట్టని ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి మొదలుపెట్టండి. అన్నిటికన్నా ముందు మెయిల్ పాస్‌వర్డ్, ఎందుకంటే మిగతావన్నీ దాని ద్వారానే తిరిగి తెరుచుకుంటాయి. మెయిల్‌లో రికవరీ నంబర్ అతనిది ఉందేమో చూడండి. ‘మీ చిన్ననాటి స్నేహితురాలి పేరు’ లాంటి రహస్య ప్రశ్నలకి నిజమైన జవాబు పెట్టవద్దు, మూడేళ్లలో అవన్నీ అతనికి మీరే చెప్పి ఉంటారు. ఆ తర్వాత ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉన్నారో చూసి, తెలియనివి స్క్రీన్‌షాట్ తీసుకుని, తీసేయండి. ఐఫోన్‌లో అయితే 2022 నుంచి ‘సేఫ్టీ చెక్’ అనేది సెట్టింగ్స్‌లో ఉంది, ఎవరెవరికి ఏమేం కనిపిస్తోందో ఒకేచోట చూపిస్తుంది. మీకు తెలియకుండా ఫోన్‌లో నిఘా యాప్ ఏదైనా ఉందని అనుమానముంటే తొందరపడి తీసేయకండి. తీసిన వెంటనే అతనికి తెలిసిపోవచ్చు, సాక్ష్యమూ పోతుంది. ముందు పోలీసులకో, తెలిసిన నిపుణులకో చూపించండి. ఈలోగా ముఖ్యమైన మాటలన్నీ వేరే ఫోన్‌లో.

బ్యాగు అడుగు, బండి సీటు కింద కూడా ఒకసారి వెతకండి. నాణెమంత ట్రాకర్లు వస్తున్నాయి. మీతోపాటు తెలియని బ్లూటూత్ ట్రాకర్ తిరుగుతుంటే ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ హెచ్చరించేలా 2024 మేలో ఆపిల్, గూగుల్ కలిసి ఏర్పాటు చేశాయి. సిమ్ ఉన్న జీపీఎస్ పరికరాలు ఆ హెచ్చరికకి దొరకవు, కాబట్టి చేత్తో వెతకడం తప్పదు.

డబ్బు యాప్‌లో వచ్చే రాతలు మీ ఒక్కరికే జరిగిన వింత కాదు. 2020లో ఆస్ట్రేలియాలోని ఒక పెద్ద బ్యాంకు మూడు నెలల లావాదేవీలు చూస్తే, ఎనిమిది వేలకు పైగా ఖాతాదారులకు ఇలా చిల్లర మొత్తాలతోపాటు వేధించే రాతలు వచ్చినట్టు తేలింది. ఆ డబ్బు తిరిగి పంపకండి, అది జవాబే అవుతుంది. స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. తేదీ, టైము, అతని పేరు బ్యాంకు రికార్డులో ఉంటాయి కాబట్టి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అతను మీకు ఇవ్వలేడు.

పుస్తకం ఒకటి పెట్టండి. తేదీ, టైము, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు. ‘భయమేసింది’ అని రాస్తే చాలదు, ‘6.10కి గేటు ఎదురుగా, నల్ల హెల్మెట్, బండి నంబరు ఇది, బస్సెక్కేదాకా ఉన్నాడు’ అని రాయండి. పాతవి కూడా గుర్తున్నంతవరకు వెనక్కి వెళ్లి రాయండి. ఒక్కొక్క సంఘటన విడిగా వింటే పోలీసులకి చిన్నదిగా కనిపిస్తుంది. రోడ్డు మీద కూర్చోవడం నేరమా అంటారు. ఏడు నెలల జాబితా ముందు పెడితే ఆ మాట అనడం కష్టం.

పోలీసులకి చెబితే రెచ్చిపోతాడా? రెచ్చిపోవచ్చు. దాన్ని దాచడం నాకిష్టం లేదు. పోగొట్టుకోవడానికి ఉద్యోగం, పేరు ఉన్న మనిషి పోలీసు పిలుపు రాగానే చాలాసార్లు తగ్గుతాడు. ఏమీ లేదనుకునే స్థితికి వచ్చినవాణ్ని కాగితం ఆపలేదు. అతనెలాంటివాడో మీకు నాకన్నా బాగా తెలుసు. ఉద్యోగం పోయిందా, తాగుడు పెరిగిందా, ఇంట్లోవాళ్లు వదిలేశారా అనేది గమనించండి. ఏదైనా సరే, నోటీసు అందే రోజు, దాని తర్వాతి కొన్ని రోజులు ముప్పు ఎక్కువ. ఆ తేదీ ముందే కనుక్కుని, ఆ వారం అతనికి తెలియని చోట ఉండండి. ఇంకొకటి, మీ జోలికి రావద్దని అతనికి ఒకసారి ఉత్తర్వు వచ్చాక ప్రతి ఉల్లంఘననూ చెప్పాలి. రెండు వదిలేస్తే మూడోది తనకి చెల్లుతుందనుకుంటాడు. అంత ఓపిక ఇప్పుడు లేదనుకుంటే, ముందు సమాచారంగా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకుని, కేసుకి సిద్ధమయ్యాక ముందుకెళ్లవచ్చు. గొంతు పట్టుకున్న సంగతి లేకపోతే ఈ రెండో దారికే నేను మొగ్గేవాణ్ని. అది ఉంది కాబట్టి ఫిర్యాదు ఆలస్యం చేయవద్దనే చెబుతాను.

ఇది ప్రేమ గొడవ, మీరే మాట్లాడుకోండి అని ఎవరైనా అంటే వెనక్కి రాకండి. 1990లో కాలిఫోర్నియాతో మొదలై, జపాన్ 2000లో, ఇంగ్లండ్, వేల్స్ 2012లో, భారత్ 2013లో వెంటాడటాన్ని విడిగా నేరం చేశాయి. భారత్‌లో ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష. జపాన్ చట్టం వెనక ఒక కాలేజీ విద్యార్థిని ఉంది. మాజీ వేధింపుల మీద ఆమె, ఆమె ఇంట్లోవాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్లారు, సరిగా పట్టించుకోలేదు, 1999లో ఆమె హత్యకు గురైంది. కాబట్టి తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, పుస్తకం నకలు ఇవ్వండి, రసీదు అడగండి, అక్కడ కుదరకపోతే పై అధికారికి రాయండి. మహిళా సంఘాల వాళ్లు, ఉచిత న్యాయసహాయం వాళ్లు వెంట వస్తారు. మీరు ఒంటరిగా వెళ్లడానికీ, వాళ్లతో వెళ్లడానికీ అవతలి కుర్చీలోని మనిషి ధోరణిలో తేడా మీకే కనిపిస్తుంది.

ఆఫీసులో చెప్పాలంటే సిగ్గుగా ఉందన్నారు. కథంతా చెప్పనక్కర్లేదు. గేటు దగ్గర సెక్యూరిటీకి అతని ఫొటో, బండి నంబరు ఇచ్చి, నా గురించి ఎవరడిగినా చెప్పకండి అంటే చాలు. మీ పై అధికారి ఒప్పుకుంటే బయల్దేరే టైము, గేటు మారుస్తూ ఉండండి. వెంట వస్తున్నాడనిపిస్తే ఇంటికి వెళ్లకండి. జనం ఉన్న చోటికో, పోలీసు స్టేషన్‌కో వెళ్లి అక్కణ్నుంచి ఫోన్ చేయండి. తమ్ముడితో ఒక గుర్తు మాట అనుకోండి, ఫోన్‌లో ఆ మాట వినబడితే ప్రశ్నలు అడగకుండా పోలీసులకి ఫోన్ చేయాలన్నట్టు.

స్నేహితురాలిని శత్రువుని చేసుకోకండి, కానీ వార్తాహరి పని మాన్పించండి. ‘అతని గురించి నాకు చెప్పొద్దు, నా గురించి అతనికి చెప్పొద్దు. ఇది కుదరకపోతే కొన్నాళ్లు మనం మాట్లాడుకోవద్దు.’ కష్టంగా ఉంటుంది. ఆమె ఏది ఎంచుకుంటుందో చూస్తే మీకూ తెలుస్తుంది.

అమ్మకి పరువు భయం. అది తప్పని వాదించి గెలవలేరు. ఆవిడతో వాదన మానేసి, గొంతు సంగతి చెప్పండి. ఆ తర్వాత చిన్న పనులు అడగండి: అతని ఫోన్ ఎత్తొద్దు, బహుమతి తీసుకోవద్దు, తలుపు తీయొద్దు. ‘అల్లుడయ్యేవాడే కదా’ అని ఆవిడ ఒక్కసారి లోపలికి రానిస్తే, పైన చెప్పినవేవీ పనికిరావు. ఆ పుట్టినరోజు బహుమతి ఇంకా ఇంట్లో ఉంటే పారేయకండి, ఫొటో తీసి, వచ్చిన తేదీతో సహా పెట్టెలో ఉంచండి. దాన్ని వెనక్కి పంపినా అతనికి ఒక జవాబు దొరికినట్టే.

వీటిలో ఒకటి రెండు ఎప్పుడో తప్పుతారు. ఏదో ఒక రాత్రి తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తుంది, ఎవరో అనుకుని ఎత్తుతారు, అతని గొంతు విని రెండు మాటలు అనేస్తారు. అంతటితో అంతా పోయిందనుకుని మళ్లీ మాటల్లోకి దిగవద్దు. ఫోన్ పెట్టేసి, ఆ కాల్‌ని కూడా పుస్తకంలో రాయండి, మీరేమన్నారో సహా. పోలీసులు అడిగితే దాచకుండా చెప్పండి. చెప్పిన కాల్ వల్ల కేసుకి నష్టమేమీ ఉండదు. దాచినది అవతలి లాయర్ నోటి నుంచి బయటికొస్తేనే ఇబ్బంది.